నీళ్లకు ఎడంగా పక్క

మాది దివిసీమ. అక్కడ తడి లేని చోటు వెతుక్కోవాలి. కాలువ, బోదె, వరిమడి, రొయ్యల చెరువు, ఇంకా దిగువకు పోతే ఉప్పుటేరు, మడ అడవి. నీళ్లు అంతటా ఉంటాయి కనుక ఏ జీవి ఎక్కడైనా ఉండొచ్చు. గడ్డివాము కింద రక్తపింజరి, గట్టు మీద నాగు, మడచెట్ల మధ్య బావురుపిల్లి. 2018 వానాకాలంలో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఎంత పెరిగాయంటే, ఆ ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం జరిపించారు. మావాళ్లు యాగానికీ వెళ్లారు, ఆసుపత్రిలో మందుందో లేదో కూడా కనుక్కున్నారు. రెండో పనే నాకు నచ్చింది.

నంద్యాల వైపు లెక్క వేరు. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ నల్లరేగడి, ఆ రేగడి మధ్యగా దక్షిణానికి పారే కుందూ. పొలాలకు నీళ్లు కె.సి. కాలువ, తెలుగుగంగ మోసుకొస్తాయి. కొండెక్కితే మాత్రం శివరాత్రి వెళ్లేసరికి వాగులు తెగి మడుగులు మిగులుతాయి. మైళ్లకు మైళ్లు ఎండుటాకు, ఎక్కడో ఒకచోట తడి. దుప్పికీ, దాన్ని తినేదానికీ, చెదపుట్టలు తవ్వే ఎలుగుకీ, దారినపోయే మనిషికీ ఆ తడే దిక్కు. మా డెల్టాలో జంతువు ఎక్కడుందో చెప్పలేం. ఇక్కడ చెప్పొచ్చు: నీళ్లెక్కడుంటే అక్కడికి వస్తుంది, ఇవాళ కాకపోతే రేపు.

ఈ సంగతి నాకు ముందే తెలుసనుకోకండి. నంద్యాలలో లెక్చరరుగా ఉన్న మిత్రుడికి పిట్టల ఫొటోల పిచ్చి. వెలుగు రాకముందే చెరువు దగ్గర ఉంటే తప్ప కొన్ని పిట్టలు కంటపడవనీ, ఒడ్డునే టెంటు వేద్దామనీ అతని పట్టు. సరేనన్నాను. పొద్దున్నే బస్టాండు ఎదురు సందులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి, పుట్నాలపొడి చల్లి, నిమ్మకాయ పిండి పెట్టే ఉగ్గాని ఈ సీమలో తప్ప ఎక్కడా సరిగ్గా కుదరదు. మా వైపు హోటళ్లలో మారు అడిగితే బిల్లులో కనిపిస్తుంది. ఇక్కడ అడక్కుండానే గరిటెడు పడింది. ఎక్కడికని అడిగాడు హోటలాయన. చెరువు కాడ టెంటు వేసుకుని పడుకుంటామన్నాం. "ఇంట్లో కొట్లాడి వచ్చినారా సారూ?" అన్నాడు, నవ్వకుండా.

మహానందికి దారంతా అరటితోటలే. గుడి కోనేట్లో ఊట నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడ్డ రూపాయి బొమ్మా బొరుసా చెప్పొచ్చు. ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉబికే ఆ నీళ్లు గుడి దాటి తోటల్లోకి పారతాయి. 2024 ఎండాకాలం చివర ఈ గుడి పరిసరాల్లో చిరుత తిరగడం పత్రికల్లో చాలా రోజులు వచ్చింది. గుడి బయట అరటిపళ్లమ్మే ఆమెను ఆ మాట అడిగాను. "చిరుతకు పండ్లెందుకన్నా? దానికి కుక్కలు కావల్ల. ఈడ తిని పారేసే ఇస్తరాకులుండాయి, ఆకుల కోసం కుక్కలొస్తాయి, కుక్కల కోసం అదొస్తాది" అంది, డజను ఎంచినట్టు నిదానంగా. అడవి పక్క విడిదికి సంబంధించి నేను విన్న మాటల్లో ఇంత పొదుపైనది లేదు. తిండి మిగిల్చి టెంటు పక్కనే పారేసేవాడు చిరుతను పిలవడం లేదు, కుక్కను పిలుస్తున్నాడు. అడవిపందిని, ఎలుకను కూడా పిలుస్తున్నాడు. మిగతావి వాటి వెనకాలే వస్తాయి.

గాజులపల్లె దాటాక గిద్దలూరు రోడ్డు కొండల్లోకి దూరుతుంది. పక్కనే నంద్యాల–గుంటూరు రైలుదారి. గాజులపల్లె, బసవాపురం, చెలమ వంటి చిన్న స్టేషన్ల పేర్లు కెనెత్ ఆండర్సన్ వేటకథల్లో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటాయి. పచ్చర్ల ఈ దారిలోనే. అటవీశాఖ జంగిల్ క్యాంపు ఉన్నదీ ఇక్కడే. 2024 జూన్‌లో ఇక్కడ కట్టెలకు వెళ్లిన ఒకామెను చిరుత చంపింది. ఊళ్లో ఆ మాట ఎత్తలేదు మేము. టీ అంగడి ముసలాయన తనంతట తనే ఒక్కటి చెప్పాడు: ఒంటరిగా వంగి పని చేస్తే మనిషి మనిషిలా కనబడడట.

ఆ మాట నా బుర్రలో చాలాసేపు తిరిగింది. నిలబడ్డ మనిషిని చిరుత సాధారణంగా తప్పుకుని పోతుంది. కూర్చున్నవాడు, వంగినవాడు, పసిబిడ్డ దాని కంటికి మేకంత ఎత్తులోనే ఉంటారు. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక, దేవస్థానం భక్తులను గుంపులుగా పంపింది, చేతికి కర్రలిచ్చింది, మధ్యాహ్నం దాటాక పిల్లలతో ఎక్కకుండా ఆపింది. కర్రలను చూసి చాలామంది నవ్వారు. నాకైతే అందులో నవ్వాల్సిందేమీ కనిపించలేదు. కర్రతో చిరుతను కొడతారని కాదు, కర్ర పట్టుకున్నవాడు నిటారుగా, జట్టుగా నడుస్తాడని. టెంటు వేసుకునేవాళ్లు ఈ సంగతిని ఇంకొంచెం మోటుగా గుర్తుపెట్టుకోవాలి. చీకటితో చెంబు పట్టుకుని నీళ్ల పక్క పొదల చాటుకు ఒంటరిగా వెళ్లి కూర్చోవడమే ఈ అడవి అంచున అన్నిటికన్నా తెలివితక్కువ పని.

లోపల ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయడానికి లేదు. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, దానికి దక్షిణంగా గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం ఈ కొండల మీదే ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టడమే నేరం, నిప్పు రాజేయడం ఇంకా నేరం. సెలయేటి పక్క మంట వేసుకుని గిటారు వాయించే వీడియోలు చూసి బయలుదేరే కుర్రాళ్లకు ఈ చట్టం చాదస్తంగా తోస్తుంది. 2023 మార్చిలో ఇదే జిల్లా పెద్దగుమ్మడాపురంలో ఊరి పక్కన నాలుగు పులిపిల్లలు దొరికాయి. తల్లితో కలపాలని అటవీశాఖ వాళ్లు రాత్రుళ్లు కాపలా కాసినా తల్లి రాలేదు. చివరకు పిల్లలను తిరుపతి జూకు పంపారు. మనుషుల సందడి తగిలిన చోటికి అది తిరిగి రాకపోవచ్చు. టెంటు వేసినవాడికి ఏమవుతుందన్నది సగం ప్రశ్నే. అతను రాత్రంతా మడుగును కాజేసి కూర్చుంటే దాహంతో వెనక్కి పోయినవాటి సంగతి మిగతా సగం.

అడవిలో నీళ్ల పక్కన వేలమంది నిద్రచేసే సందర్భం ఒకటి లేకపోలేదు. శివరాత్రికి శ్రీశైలం నడిచివెళ్లే భక్తులు ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా పోతారు. పెద్దచెరువు పేరుకు తగ్గట్టే నడి అడవిలో నీళ్లు, ఒడ్డున చెంచుగూడెం. మిత్రుడు ఆ దారిన నడిచాడు. రాత్రంతా భజనలు, అన్నదానాలు, జనరేటర్ల మోత. ఆ కొద్దిరోజులకే దారి తెరుస్తారు, తర్వాత మూసేస్తారు. ఆ గుంపు భద్రతను చూసి నలుగురం అదే చెరువు దగ్గర వేరే రోజు పడుకోవచ్చనుకుంటే, అక్కడ ఉండేది వేరే చెరువు.

నంద్యాలకు తిరిగొచ్చి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరాం. ఊరి వీధుల్లో ఉలి చప్పుడు, రాతిపొడి. సగం చెక్కిన నంది, మెడ దాకా వచ్చిన నరసింహుడు, వరుసగా సింహాలు. పులిని చెక్కించుకునేవాళ్లు తక్కువని చెప్పాడొక శిల్పి. మధ్యాహ్నం జొన్నరొట్టె, గుత్తివంకాయ, చెనక్కాయల ఊరిబిండి. కారానికి నా కళ్ల నీళ్లు చూసి వడ్డించే ఆమె ఏమీ అనకుండా పెరుగు గిన్నె జరిపింది.

అహోబిలం ఆళ్లగడ్డ మండలంలోదే. కనుమ నాడు పారువేటకు బయలుదేరిన స్వామి ఊరూరూ తిరిగి తన పెళ్లికి అందరినీ పిలిచి, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు గుడి చేరతాడు. మేం వెళ్లేసరికి దిగువ అహోబిలంలో ఆ సందడి మొదలవుతోంది. ఎగువ అహోబిలం గుడి పక్కన భవనాశి సన్నగా పారుతోంది. అక్కణ్ణుంచి పావన నరసింహస్వామి దగ్గరికి, ఇక్కడివాళ్ల నోట పాములేటి స్వామి దగ్గరికి, దారి చూపడానికి ఒక చెంచు యువకుడు వెంట వచ్చాడు. నరసింహుడు వాళ్లకు బావ. చెంచులక్ష్మి వాళ్ల ఆడబిడ్డ కదా. ఆ చుట్టరికం అతని మాటలో భక్తి కన్నా ఎక్కువగా వినిపించింది. "మా బావ ఉగ్రుడే గానీ, ఎలుగుగొడ్డంత కాదు సారూ" అన్నాడు.

దారంతా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. కబుర్లపోగు అనుకున్నాను మొదట. వాగు మలుపు వచ్చిన ప్రతిచోటా గొంతు పెంచేవాడు, కర్రతో బండను తట్టేవాడు. ఎలుగుకు చూపూ వినికిడీ అంతంతే, వాసనే దాని లోకం. చెదపుట్టలో మూతి పెట్టి పీలుస్తున్నప్పుడు, ఇప్పచెట్టు కింద రాలిన పువ్వు ఏరుకుంటున్నప్పుడు, మడుగు దగ్గర తల వంచినప్పుడు మనిషి దగ్గరికొచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి పారిపోయే దూరం ఉండదు. అప్పుడది మీదికే వస్తుంది, అందిన ముఖాన్నే పట్టుకుంటుంది. చెట్టెక్కితే అదీ ఎక్కుతుంది. కనుక చేయగలిగింది ఒకటే, ముందుగా దానికి మన కబురు అందించడం. నీళ్ల చప్పుడు ఉన్న చోట మన అడుగుల చప్పుడు వినిపించదు కాబట్టి అక్కడ ఇంకా గట్టిగా. అడవిలో నిశ్శబ్దంగా నడవాలని పుస్తకాల్లో చదివి వచ్చిన మిత్రుడు, పిట్టలు ఎగిరిపోతున్నాయని గొణిగాడు. "పోనీ సారూ, రెక్కలుండాయి" అన్నాడతను.

పావన నది మడుగులుగా తెగి ఉంది. తడి ఇసుక మీద అచ్చులు. అతను ఒక్కొక్కటే చూపించాడు: కణుజు గిట్ట, పంది గిట్ట, పంది పొర్లిన బురద, వాటి మీదుగా నాలుగు వేళ్ల గుండ్రటి అడుగు, గోటి గుర్తు లేదు. చిరుత. నిన్న రాత్రిదేనట, అంచులు ఇంకా ఆరలేదు. అక్కడే, ఆ అడుగుల పక్కనే, చెట్టునీడలో చదునైన ఇసుక, టెంటుకు కొలిచి పరిచినట్టు. అంత అందమైన చోటు ఆ దారి మొత్తంలో లేదు. ఎందుకు అంత చదునుగా ఉందని అడిగితే, నీళ్లు వచ్చి చదును చేసిపోయాయన్నాడు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు దిగుతుంది. పొద్దు వాలకముందే మమ్మల్ని లేపి వెనక్కి నడిపించాడు.

రాత్రి విడిది అడవిలో కాదు. రుద్రవరం, ఆళ్లగడ్డల మధ్య తెలుగుగంగ కాలువ దిగువన ఒక చెరువు, దాని వెనక కోత కోసిన పొలం. మిత్రుడు ఫోన్లో చూసి పెట్టుకున్న చోటు చెరువు ఒడ్డున తుమ్మచెట్టు కింద. అక్కడికి చేరేసరికి పొలంలో గొర్రెలమంద కట్టి ఉంది, చుట్టూ వల దడి, ఇద్దరు కాపరులు, రెండు కుక్కలు. ఎరువు కోసం రైతే మందను పిలిపించుకుంటాడు. రాత్రికింతని డబ్బో గింజలో ముడతాయి. ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఇలా ఆరుబయట నిద్రపోయే మనుషులు వీళ్లు. మా బ్యాగులు, గొట్టాలు, గుడ్డ చూసి పెద్దకాపరి దగ్గరికొచ్చాడు.

"యాడ పండుకుంటారు నాయనా?"

మిత్రుడు తుమ్మచెట్టు చూపించాడు.

"అది దారి."

మాకు దారి కనిపించలేదు. ఆయన బ్యాటరీ లైటు వేశాడు. గడ్డి అణిగిన సన్నటి చాలు, ఒడ్డు మీంచి నీళ్లలోకి. పందులది. "పగలు మనం తాగినాము. రేత్రి అవి తాగల్ల. నడిమద్దెన పండుకుంటే తొక్కుకుంటూ పోతాయి, వాటి తప్పేముండాది?" అన్నాడు. మరి ఎంత దూరం వెళ్లాలని అడిగితే నడుముకు చుట్టిన వడిసెల తీసి, వడిసెల రాయి పోయినంత అన్నాడు. ఉత్తర ఆస్ట్రేలియాలో మొసళ్ల నదుల దగ్గర విడిది చేసేవాళ్లకు నీటి అంచు నుంచి కనీసం 50 మీటర్లు వదలమని అక్కడి ప్రభుత్వాలు చెబుతాయి. అమెరికా అడవుల్లో 200 అడుగులు వదలడం పరిపాటి. ఆయన వడిసెల ఈ రెంటికన్నా ఉదారమైనది.

టెంటు ఎత్తు మీద, మందకు కొంచెం ఎడంగా వేయించాడు. దగ్గరైతే ఏం, కుక్కలున్నాయి కదా అన్నాం ధైర్యంగా. కుక్కలు తోడేలుకూ దొంగకూ మొరుగుతాయి గానీ చిరుతకు అవే మేత, అందుకని వాటి మెడకు మేకుల పట్టీ కట్టామని చూపించాడు. వలను ఆనుకుని ఎవరూ పడుకోరు. మా పార్సిలు చికెన్ ఎముకలను గోనెసంచిలో మూట కట్టించి, దూరంగా కొమ్మకు వేలాడదీయించాడు. ఇంత చేసినా ఆయనకు పులి మీద గానీ చిరుత మీద గానీ పెద్ద ధ్యాస లేదు. వాటి గురించి మేం అడిగితేనే చెప్పాడు. తనంతట తను మాట్లాడిందంతా పురుగు గురించి. రాత్రిపూట వీళ్లు పాము అనరు.

ఆయన లెక్కే నిజం. దేశంలో పులుల చేతిలో ఏటా పోయేవాళ్లు వంద దాటడం అరుదు. పాముకాటుతో 2000 నుంచి 2019 దాకా 12 లక్షల మంది చనిపోయి ఉంటారని పరిశోధకుల అంచనా, అంటే ఏడాదికి 58,000. ఆ చావుల్లో ఎక్కువ భాగం జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని పట్టించుకోని జబ్బుల జాబితాలో చేర్చింది. తడి నేల దగ్గర కప్ప ఉంటుంది, కోసిన పొలంలో ఎలుక ఉంటుంది. కప్ప కోసం నాగు, ఎలుక కోసం పింజరి. కట్లపాము వేరే తీరు, అది ఎక్కువగా ఇతర పాములనే తింటుంది, రాత్రే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాడి పక్కలోకి వస్తుంది. దాని కాటు నొప్పి చాలామందికి తెలియదు. దోమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. తెల్లారేసరికి కడుపులో నొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దకట్టడం, ఆపైన ఊపిరి.

అందుకే పెద్దకాపరి దగ్గర గొంగడి కన్నా విలువైన వస్తువు దోమతెర. నాలుగు కర్రలు పాతి, తెర అంచులు పక్క కిందికి చుట్టూ దోపి, బ్యాటరీ లైటు లోపలే పెట్టుకున్నాడు. పడుకునే ముందు పక్క ఎత్తి దులిపాడు. చుట్టుపక్కల ఎలుక బొరియలు మట్టితో పూడ్చి తొక్కాడు. నేపాల్ తరాయి పల్లెల్లో చేసిన ఒక అధ్యయనంలో దోమతెర కింద పడుకున్నవాళ్లకు పాముకాటు బాగా తక్కువని తేలింది. ఆయనకు నేపాల్ సంగతి చెప్పాను. వాళ్లు కూడా మంద కడతారా అని అడిగాడు. మా టెంటుకు జిప్పు ఉంది. ఆ జిప్పును రాత్రంతా పూర్తిగా మూసి ఉంచడం, బూట్లు లోపల పెట్టుకోవడం, బయటికి రావాలంటే ముందు నేల మీద వెలుగు వేసి చూడడం, ఇవి మూడే ఆయన మాకు పెట్టిన షరతులు. మంట వేద్దామా అంటే వద్దన్నాడు. వెచ్చదనానికి మనిషి మంట పక్కకు జరుగుతాడు, మంటకు పురుగు జరగదు.

రాత్రి ఒకసారి కుక్కలు మొరిగాయి. కాసేపటికి నీళ్లలో ఏదో దిగిన చప్పుడు, బురద పీల్చుకున్న చప్పుడు, ఒక గుర్రు. పందులు, ఆయన చెప్పిన దారినే. మిత్రుడు జిప్పు మీద చెయ్యి వేసి, తీసేశాడు.

కాటు పడితే ఏం చేస్తారని తెల్లవారి టీ తాగుతూ అడిగాను. ఆకు మందు, తాడు కట్టు, బ్లేడు కోత, నోటితో పీల్చడం, ఇవన్నీ చూశాడట ఆయన. తాడు కట్టినవాడి కాలు కుళ్లి తీసేయాల్సి వచ్చిందట. ఇప్పుడు ఒకటే పద్ధతి: కదలనీకుండా పడుకోబెట్టి, కరిచిన కాలికి చేతికర్ర ఊతంగా కట్టి, బండెక్కించడం. నాగు, కట్లపాము, రెండు రకాల పింజర్లకు విరుగుడు ఒకే ఇంజెక్షను, కనుక పామును చంపి పట్టుకెళ్లే పని లేదు. ఆళ్లగడ్డలో చూసి, అవసరమైతే నంద్యాలకు పంపుతారు. 2023లో మెడికల్ కాలేజీ వచ్చాక కర్నూలు దాకా పరుగు తగ్గిందన్నాడు. 108కు ఫోన్ చేస్తారా అంటే చేస్తామన్నాడు, కానీ కాలువ గట్టు మీదికి, పొలాల మధ్యకు ఆ వ్యాను చేరేలోపు రోడ్డు దాకా మోసుకెళ్లేవాడు కావాలి కదా అన్నాడు.

ఆయన చిన్న ఫోన్‌లో మొదటి నంబరు పక్క ఊరి ఆటో కుర్రాడిది. చదువు రాదు కాబట్టి ఒకటో అంకె నొక్కి పట్టుకుంటే అదే పోయేలా చిన్నకాపరి పెట్టిచ్చాడు. మంద ఊరు మారినప్పుడల్లా ఆ ఒకటో అంకె మీద కొత్త ఊరి ఆటో వస్తుంది. మొదటిరోజు పక్క వేయకముందే చేసే పని అదేనట. మిత్రుణ్ణి కూడా ఆ నంబరు రాసుకోమన్నాడు, ఇంకో రాత్రి ఉంటామని అతను అప్పటికే తీర్మానించుకున్నాడు కనుక. రాసుకున్నాడు.

"రేత్రిపూట పిలిస్తే డబులు అడుగుతాడు సారూ, ముందే చెప్తాండా" అన్నాడు పెద్దకాపరి.